ఇంజన్ విప్పి మళ్ళీ కట్టాం, ఆయిల్ పైకి ఎక్కడం లేదు. స్టార్ట్ చేయాలా వద్దా?

ఘాట్‌రోడ్97 (తిరుపతి), శనివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నాన్న బండి, 2008 స్ప్లెండర్ ప్లస్. పోయిన నెల ఇద్దరం కొండకు పోతుంటే రెండో ఘాట్‌లో సగం దారిలో ఇంజన్ పట్టేసింది. తప్పు పూర్తిగా నాదే. ఆయిల్ చూసి నాలుగు వేల కిలోమీటర్లు దాటింది. పైగా మే నెల ఎండ, ఇద్దరు మనుషులు, ఆగకుండా ఎక్కడం. ఆయిల్ మట్టం చూసే పుల్ల తీస్తే చివర తడి కూడా లేదు. అలిపిరిలో బయలుదేరితే ఇరవై ఎనిమిది నిమిషాల కంటే ముందు పైకి చేరకూడదని రూలు కదా, మేం చేరేసరికి మూడు గంటలు పట్టింది. అదీ జీపులో.

సిలిండరుకు బోరు కొట్టించి 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్, రింగులు కొన్నాం. లేత్ పని తప్ప మిగతాదంతా నేనూ మా బావమరిదీ ఇంట్లోనే చేశాం. పనిలో పనిగా ఆయిల్ పంపు కూడా విప్పి, కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి శుభ్రంగా ఆరబెట్టి బిగించాం. ఇప్పుడు కొత్త ఆయిల్ పోసి, పైన టాపెట్ మూత తీసి నలభై కిక్కులు కొట్టాను. రాకర్ (వాల్వును తొక్కే మీట) దగ్గర ఒక్క చుక్క లేదు. మేం బిగించేటప్పుడు వేలితో రాసిన ఆయిల్ తప్ప ఏమీ కనిపించడం లేదు.

వీధి చివర షెడ్డు అన్న "స్టార్ట్ చేయ్, అదే ఎక్కుతుంది" అన్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు. ఒకసారి పట్టేసిన ఇంజన్ చూసినవాడికి ఆ టెన్షన్ తెలుస్తుంది. ఏం చేయమంటారు?

స్పానర్‌సామి (రేణిగుంట రోడ్డు), శనివారం రాత్రి 10.05

స్టార్ట్ చేయొద్దు తమ్ముడూ. ఆగావు, మంచి పని చేశావు.

మూడు సంగతులు చెప్పు. పంపు బిగించేటప్పుడు లోపల ఆయిల్ పోశావా, పొడిగానే బిగించావా? కిక్ కొట్టేటప్పుడు ప్లగ్గు తీశావా? తాళం ఆఫ్‌లో ఉందా?

ఘాట్‌రోడ్97, శనివారం రాత్రి 10.12

పొడిగానే అన్నా. మెరిసిపోయేటట్టు తుడిచాం. ప్లగ్గు తీయలేదు. తాళం ఆఫ్‌లోనే ఉంది.

పాతకాపు (చంద్రగిరి), శనివారం రాత్రి 10.30

ఇంత ఆలోచన ఎందుకబ్బా. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా, ఏ షెడ్డులోనూ ఎవరూ పంపును ముందే ఆయిల్‌తో నింపడం, ప్రైమింగ్ గీమింగ్ అని చేయరు. ఆయిల్ పోస్తారు, కొడతారు, పోతారు. ఆ ఇంజన్లో క్రాంక్‌కు ఉండేది బాల్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్ కింద రోలర్లు. కారు ఇంజన్ మాదిరి ప్రెషర్ లేకపోతే చచ్చిపోయే మెటల్ బేరింగులు కాదు. అర నిమిషంలో ఆయిల్ అదే ఎక్కుతుంది.

స్పానర్‌సామి, శనివారం రాత్రి 10.48

పాతకాపు అన్న చెప్పిన బేరింగుల సంగతి నిజమే, కాదనను. రోలర్ బేరింగుకు నాలుగు చుక్కల తడి ఉంటే కాసేపు నడుస్తుంది. కానీ క్యామ్ (రాకర్‌ను ఎత్తే మిట్ట), రాకర్ అట్లా కాదన్నా. అక్కడ ఇనుము మీద ఇనుము రుద్దుకుంటుంది, పైగా స్ప్రింగు బలం మొత్తం ఆ చిన్న గీత మీదే పడుతుంది. ఇక కొత్త పిస్టన్, కొత్త బోరు అంటే ఇంకా గరుకుగానే ఉంటాయి. షెడ్డులో అర నిమిషంలో ఎక్కుతుంది, ఎందుకంటే వాళ్ళు పంపు విప్పరు. పాత ఆయిల్ తడి లోపలే ఉంటుంది. ఈ అబ్బాయి కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాడు. అదీ తేడా.

ఇంకొకటి. అర నిమిషంలో ఎక్కకపోతే? ఎక్కలేదని నీకు చెప్పేది ఎవరు? ఈ బండికి ఆయిల్ ప్రెషర్ లైటు లేదు. శబ్దం వచ్చాకే తెలుస్తుంది, అప్పటికి అయిపోయి ఉంటుంది.

పుత్తూరు పాలిటెక్నిక్, ఆదివారం ఉదయం 6.50

కొంచెం వివరంగా రాస్తాను, చదివే ఓపిక ఉన్నవాళ్ళ కోసం.

మన ఊళ్ళలో బావి మోటార్లు ఉన్న రోజుల్లో పొద్దున్నే మోటారు వేసే ముందు పైపులో బిందెడు నీళ్ళు పోసేవాళ్ళు. ఫుట్‌వాల్వు కారిపోయి పైపు ఖాళీ అయితే మోటారు ఎంతసేపు తిరిగినా నీళ్ళు ఎత్తదు, గాలినే గిలక్కొడుతుంది. ప్రైమింగ్ అంటే అదే పని. బండి ఆయిల్ పంపుకూ ఆ మాట అట్లా వచ్చిందే.

అయితే ఒక తేడా ఉంది. బావి మోటారు పంపు గాలిని అసలు లాగలేదు. బండిలో ఉండేది ట్రోకాయిడ్ పంపు. లోపల నాలుగు కొమ్మల రోటరు, దాని చుట్టూ ఐదు గుంటల రోటరు. రెండూ తిరుగుతుంటే మధ్య ఖాళీ పెద్దదవుతూ ఆయిల్‌ను లాగుతుంది, చిన్నదవుతూ నెడుతుంది. ఇది గాలిని కూడా కొంత లాగగలదు. కానీ రోటర్ల అంచుల మధ్య సందు ఉంటుంది. చిన్న బండ్లలో అది 0.15 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, 0.20 దాటితే మార్చేయమంటారు. తడిగా ఉంటే ఆ సందును ఆయిలే మూసేస్తుంది. పొడిగా ఉంటే గాలి ఆ సందులోంచి వెనక్కి జారిపోతుంది. కిక్కు కొడితే ఇంజన్ తిరిగేదే మెల్లగా, ఆ కాస్త లాగుడూ సందులోనే పోతుంది. అందుకే నలభై కిక్కులు కొట్టినా ఏమీ రాలేదు.

కాబట్టి పంపు చెడిపోయిందని ఇప్పుడే అనుకోవద్దు. పొడిగా ఉంది, అంతే కావచ్చు.

ఘాట్‌రోడ్97, ఆదివారం ఉదయం 7.30

సార్, మా తాత బావి దగ్గర ఆ బిందె నేనే మోసేవాణ్ణి. ఇప్పుడు బాగా అర్థమైంది. మరి బండికి బిందె ఎక్కడ పోయాలి?

స్పానర్‌సామి, ఆదివారం ఉదయం 8.15

పంపు విప్పినప్పుడే పోసి ఉండాలి. ఒక గిన్నెలో ఆయిల్ పోసి పంపును అందులో ముంచి, ఇరుసును వేళ్ళతో తిప్పాలి. ఒకవైపు బుడగలు వచ్చి, తర్వాత ఉత్త ఆయిల్ వస్తుంది. అప్పుడు అట్లాగే తడితో బిగించాలి. రెండు నిమిషాల పని. ఇంజన్ కట్టేశావు కాబట్టి ఇప్పుడు వేరే దారి.

ప్లగ్గు తీసెయ్. కంప్రెషన్ ఉండదు, ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది, కొత్త రింగుల మీద ఒత్తిడి తగ్గుతుంది. పెట్రోల్ కాక్ మూసెయ్. తాళం ఆఫ్‌లో ఉంచు. బండిని మెయిన్ స్టాండు మీద పెట్టి టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పు. ఈ బండిలో చక్రం ఒక చుట్టు తిరిగితే క్రాంక్ పది పన్నెండు చుట్లు తిరుగుతుంది. కిక్కు మాదిరి ఆగి ఆగి కాకుండా సాఫీగా తిరుగుతుంది కాబట్టి పంపు లాగడానికి వీలుంటుంది. ఇద్దరు మార్చి మార్చి పది నిమిషాలు తిప్పండి. మూత తీసిన టాపెట్ మీద టార్చ్ వేసి చూడండి.

చేతులు చైనులో పెట్టుకోవద్దు. నవ్వుతారేమో, నా ఎడమ చేతి ఉంగరం వేలు చూసినవాళ్ళు నవ్వరు.

మదనపల్లె టమోటా, ఆదివారం ఉదయం 9.02

సెల్ఫ్ ఉన్న బండ్లకు ఇట్లానే చేయొచ్చా? నాది 150 సీసీ. కిక్కరే లేదు.

స్పానర్‌సామి, ఆదివారం ఉదయం 9.20

చేయొచ్చు, కానీ సెల్ఫ్ తిరగాలంటే తాళం ఆన్ చేయాలి, అప్పుడు స్పార్క్ వస్తుంది. ప్లగ్గు తీసి గాల్లో వదిలేస్తే కాయిల్‌కు, స్పార్క్ ఇచ్చే సీడీఐ పెట్టెకు మంచిది కాదు. ప్లగ్గును దాని టోపీలోనే ఉంచి, లోహపు భాగం ఇంజన్‌కు గట్టిగా ఆనేటట్టు పెట్టాలి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టు, లోపలి పెట్రోల్ ఆవిరికి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. ఐదారు సెకన్లు తిప్పి, అర నిమిషం ఆపు. ఆపకుండా నొక్కి పట్టుకుంటే ఆయిల్ ఎక్కే లోపల బ్యాటరీ, సెల్ఫ్ మోటారు రెండూ పోతాయి.

కాగితం ఫిల్టరు ఉన్న బండి అయితే బిగించే ముందు ఫిల్టరును ఆయిల్‌లో నానబెట్టు, ఆ గదిలో కూడా కొంచెం పోయి. లేకపోతే పంపు ముందు ఆ గది నింపుకుని, తర్వాత పైకి పంపుతుంది.

చిత్తూరు బుల్లెట్, ఆదివారం ఉదయం 10.40

మా పాత ఇనప బ్లాకు బుల్లెట్లలో ఇది ఇంకా పెద్ద కథ. దానికి పంపులు రెండు. ఒకటి ఆయిల్ పంపేది, ఇంకొకటి కింద చేరిన ఆయిల్‌ను తిరిగి ట్యాంకులోకి తెచ్చేది. ట్యాంకు అంటే విడిగా ఉండదు, క్రాంక్‌కేసులోనే ఒక గది. రెండు పంపులూ ఒకే ఇరుసు మీద ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. ఫిల్టరు మార్చినప్పుడల్లా ఫిల్టరు గదిలో ఆయిల్ నింపి మూత వేయాలి, లేకపోతే గాలి పట్టుకుంటుంది. స్టార్ట్ చేశాక హెడ్‌కు (ఇంజన్ పైభాగానికి) వెళ్ళే సన్న గొట్టాల బోల్టు కొంచెం వదులు చేస్తే ఆయిల్ ఊరుతూ కనిపిస్తుంది. అది కనిపించే దాకా నేను ఎక్సిలేటర్ ముట్టుకోను.

ఇంజన్లోనే గేరుబాక్సు కలిసి ఆ తర్వాత వచ్చిన యూసీఈ మోడళ్ళలో హైడ్రాలిక్ టాపెట్లు ఉంటాయి. ఇంజన్ విప్పి కట్టాక అవి ఖాళీగా ఉంటే మొదట టకటకమని కొట్టుకుంటాయి. ఆయిల్ నిండాక సద్దుమణుగుతాయి. అవి బిగించే ముందే ఆయిల్‌లో ముంచి గాలి తీయాలి. మొన్న మా వీధిలో ఒకాయన ఆ శబ్దానికి భయపడి ఇంజన్ మళ్ళీ దించేశాడు. ఐదు నిమిషాలు ఆగి ఉంటే సరిపోయేది.

కాళహస్తి 2టి, ఆదివారం ఉదయం 11.15

మా ఆర్‌ఎక్స్100 వాళ్ళను మరిచిపోయారు. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పంపు అంటే కింద నుంచి పైకి ఎత్తడం కాదు, పక్కన ఉన్న ఆయిల్ డబ్బాలోంచి చుక్కచుక్కగా ఇన్‌టేక్‌లోకి వదలడం. అది విప్పితే గొట్టంలో గాలి చేరుతుంది. పంపు మీద ఉండే చిన్న స్క్రూ విప్పి, బుడగలు పోయి ఉత్త ఆయిల్ వచ్చేదాకా కారనివ్వాలి. తర్వాత బండి స్టార్ట్ చేసి, సన్నగా నడుస్తుండగా పంపు వైరును చేత్తో పూర్తిగా లాగి ఒకటి రెండు నిమిషాలు పట్టుకోవాలి, అప్పుడు ఇంజన్‌కు పోయే సన్న గొట్టం నిండుతుంది. ఆ కాసేపూ ట్యాంకులో ఆయిల్ కలిపిన పెట్రోలే ఉండాలి. ఈ చివరి మాట విననివాళ్ళ పిస్టన్లు నా దగ్గర రెండు ఉన్నాయి, పేపర్ వెయిట్లుగా వాడుతున్నా.

మదనపల్లె టమోటా, ఆదివారం మధ్యాహ్నం 12.10

పంపులో వ్యాజ్‌లైన్ నింపి బిగిస్తే గాలి సమస్యే ఉండదని ఎక్కడో విన్నాను. నిజమా?

పాతకాపు, ఆదివారం మధ్యాహ్నం 12.25

వ్యాజ్‌లైన్ ఎందుకు, గ్రీజు పెట్టు. షెడ్డులో డబ్బా ఉంటుంది గదా.

పుత్తూరు పాలిటెక్నిక్, ఆదివారం మధ్యాహ్నం 1.40

గ్రీజు వద్దన్నా, దయచేసి. బేరింగుల గ్రీజు సబ్బుతో గట్టిపడిన నూనె. వేడి ఆయిల్‌లో తొందరగా కరగదు. ముద్దలు ముద్దలుగా పోయి సన్న రంధ్రాల్లో కూర్చుంటుంది. వ్యాజ్‌లైన్ వేరు, అది ఒంటి వేడికే మెత్తబడే పదార్థం, ఇంజన్ వేడికి కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది. పాత కార్ల గేరు పంపుల్లో దాన్ని నింపి బిగించే అలవాటు నిజంగానే ఉంది. కానీ ఇంత చిన్న పంపుకు అదీ అవసరం లేదు. క్లచ్ ప్లేట్లు ఇదే ఆయిల్‌లో తిరుగుతాయి, అందులో పరాయి పదార్థం ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. పోసే ఇంజన్ ఆయిల్‌తోనే తడిపితే చాలు.

పాతకాపు, ఆదివారం మధ్యాహ్నం 1.55

సరే సామీ, గ్రీజు మాట వెనక్కి తీసుకుంటున్నా. స్టార్ట్ చేయమన్న మాట మాత్రం తీసుకోను.

ఘాట్‌రోడ్97, ఆదివారం సాయంత్రం 6.30

చక్రం తిప్పే పద్ధతి చేశాం. ప్లగ్గు తీసి, టాప్ గేరులో, నేనూ బావమరిదీ మార్చి మార్చి ఇరవై నిమిషాలు తిప్పాం. చేతులు నొప్పులు. అమ్మ బయటికి వచ్చి "బండి పోయే దూరం మీరే తిప్పేశారు" అంది. రాకర్ దగ్గర మాత్రం ఏమీ లేదు.

ఇప్పుడు నిజంగా భయం వేస్తోంది. పంపు తప్పుగా బిగించామా?

స్పానర్‌సామి, ఆదివారం సాయంత్రం 7.05

భయం వద్దు. ఇప్పుడు మనకు ఒక విషయం తెలిసింది. ఇరవై నిమిషాలు తిప్పినా రాలేదంటే ఉత్త పొడితనం కాదు. మూడు చోట్ల ఒక దగ్గర దారి తెగింది. ఒకటి, పంపు పీల్చడం లేదు, అంటే కింద జల్లెడ మూసుకుని ఉండాలి, లేదా పంపు అతికే చోట ఓ-రింగు (రబ్బరు వలయం) లేక గాలి లాగుతుండాలి. రెండు, పంపే తిరగడం లేదు. మూడు, పంపు పనిచేస్తోంది, పైకి పోయే దారి మూసుకుంది.

దీన్ని ఊహించక్కర్లేదు, చూడొచ్చు. ఆయిల్ శుభ్రమైన గిన్నెలోకి దించు, మళ్ళీ వాడొచ్చు. క్లచ్ కవర్ తీసెయ్. పంపు పీల్చే వైపు నూనె డబ్బాతో ఆయిల్ పోస్తూ ఉండు, బావమరిదిని చక్రం తిప్పమను. క్రాంక్‌కేసు అంచులో కవర్‌లోకి తెరుచుకునే ఆయిల్ రంధ్రం ఉంటుంది. అందులోంచి ఆయిల్ పొంగితే పంపు బాగున్నట్టే.

చిత్తూరు బుల్లెట్, ఆదివారం సాయంత్రం 7.20

హెడ్ మీద ఆయిల్ ఎక్కే స్టడ్ నట్టు వదులు చేసి చూస్తే పోలా? రాగి వాషర్ ఉంటుంది కదా దాని కింద.

స్పానర్‌సామి, ఆదివారం సాయంత్రం 7.28

షెడ్లలో చేస్తారన్నా, నేనూ చేసేవాణ్ణి. కానీ అది హెడ్‌ను పట్టుకుని ఉండే నట్టు. కొత్త గ్యాస్కెట్ మీద ఒక మూల వదులు చేసి మళ్ళీ బిగిస్తే హెడ్ సమానంగా కూర్చోదు. టాపెట్ మూత ఉండగా ఆ పని ఎందుకు.

పుత్తూరు పాలిటెక్నిక్, ఆదివారం రాత్రి 8.10

ఒక ప్రశ్న. బ్లాకు (సిలిండరు) కింద గ్యాస్కెట్‌కు పేస్టు పూశారా?

ఘాట్‌రోడ్97, ఆదివారం రాత్రి 8.14

పూశాం సార్. లీకు రాకూడదని రెండు వైపులా. కొంచెం బాగానే పూశాం.

పుత్తూరు పాలిటెక్నిక్, ఆదివారం రాత్రి 8.16

ఓ.

స్పానర్‌సామి, ఆదివారం రాత్రి 8.20

నాకూ అక్కడే అనుమానం. అయినా ముందు పంపు చూడు తమ్ముడూ, వరస తప్పొద్దు.

ఘాట్‌రోడ్97, సోమవారం రాత్రి 9.50

ఆఫీసు నుంచి వచ్చి కవర్ తీశాం. అన్న చెప్పినట్టు ఆయిల్ పోస్తూ తిప్పితే ఆ రంధ్రంలోంచి ముందు బుడగలు, తర్వాత ధారగా ఆయిల్. చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. పంపు బాగుంది. జల్లెడ తీసి చూశాం, పాత గ్యాస్కెట్ తుంపులు రెండు ఉన్నాయి కానీ మూసుకోలేదు. కడిగి పెట్టేశాం.

తర్వాత మందుల షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి కొని, సన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగి, పైకి పోయే దారిలో ఆయిల్ ఎక్కించడానికి చూశాను. ఒత్తితే ఒత్తుడు తిరిగి చేతికే వస్తోంది. లోపలికి పోవడం లేదు. వదిలితే ప్లంజరు వెనక్కి వస్తోంది.

స్పానర్‌సామి, సోమవారం రాత్రి 10.02

పేస్టే. ఆదివారం నుంచి ఇదే చెప్పాలనుకున్నా. హెడ్, బ్లాకు దించాల్సిందే. బాధపడొద్దు, పైపని, ఒక సాయంత్రం. క్రాంక్ ముట్టుకునే పని లేదు.

దించాక పేస్టు ముక్కల్ని లోపలికి నెట్టొద్దు. గాలి కొట్టాలన్నా పై నుంచి కిందికి, బయటికి పోయేటట్టు కొట్టు. క్రాంక్‌కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కి పని చేయి. పిస్టన్ పిన్ను సర్‌క్లిప్ ఆ నోట్లో పడేసుకుని రెండు రోజులు వెతికినవాళ్ళ కథలు ఇక్కడ చాలా ఉన్నాయి.

ఘాట్‌రోడ్97, మంగళవారం రాత్రి 11.20

దించాం. ఫోటో పెట్టడం తెలియక మాటల్లో చెబుతున్నా.

బ్లాకు కింద ఆయిల్ రంధ్రం ఉన్న చోట పేస్టు లోపలికి పొంగి, ఆరిపోయి, సరిగ్గా చీమచింతకాయ గింజంత బిరడా అయింది. పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా వచ్చింది, రబ్బరు మేకు మాదిరి. అంతేకాదు, ఆ రంధ్రం చుట్టూ ఉండాల్సిన చిన్న ఓ-రింగు మేం పెట్టనే లేదు. గ్యాస్కెట్ కిట్టు కవర్లోనే అతుక్కుని ఉంది. ఇంకేదో బండిదేమో అనుకుని పక్కన పడేశాం.

స్టార్ట్ చేసి ఉంటే హెడ్‌కు ఎప్పటికీ ఆయిల్ వెళ్ళేది కాదు. అర నిమిషం కాదు, అర గంట నడిపినా.

పాతకాపు, బుధవారం ఉదయం 6.15

ఒప్పుకుంటున్నా. ముప్పై ఏళ్ళలో నాకు ఇట్లాంటివి తగిలే ఉంటాయి, క్యామ్ అరిగిందని కంపెనీని తిట్టుకుని కొత్తది వేసి ఉంటా. పేస్టు ఎంత పూయాలో కూడా చెప్పు స్పానర్‌సామీ, నేనూ నేర్చుకుంటా.

స్పానర్‌సామి, బుధవారం ఉదయం 7.40

కాగితం గ్యాస్కెట్‌కు నిజానికి పేస్టే అక్కర్లేదన్నా, రెండు ముఖాలూ శుభ్రంగా, చదునుగా ఉంటే. రెండు వైపులా సన్నగా ఆయిల్ తడిపి పెట్టేస్తా. గీతలు పడిన చోట మాత్రం వేలితో తుడిచినట్టు, పొర కనిపించీ కనిపించనట్టు రాస్తా. ఆయిల్ రంధ్రం చుట్టూ అర సెంటీమీటరు దాకా అసలు రానివ్వను. బిగిస్తే బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది. బయటిది గుడ్డతో తుడిచేస్తాం, లోపలిది ఎవరు తుడుస్తారు.

గ్యాస్కెట్ తిరగేసి పెట్టినా ఇదే గతి. బ్లాకు మీద పెట్టి ప్రతి రంధ్రం కనిపిస్తోందో లేదో చూశాకే బిగించాలి. తమ్ముడూ, ఈసారి బ్లాకు కూర్చోబెట్టాక, హెడ్ పెట్టే ముందు, సిరంజితో ఆ దారిలో ఆయిల్ నింపు. పిస్టన్‌కు, బోరుకు, క్యామ్‌కు, రాకర్లకు ఆయిల్ రాయి.

మదనపల్లె టమోటా, బుధవారం ఉదయం 8.30

మామూలుగా ఆయిల్ మార్చినప్పుడు కూడా ఈ గొడవంతా కావాలా? ఇది చదివాక అనుమానం వచ్చింది.

పుత్తూరు పాలిటెక్నిక్, బుధవారం ఉదయం 9.00

అవసరం లేదు. ఆయిల్ దించినా పంపులో, దారుల్లో తడి ఉంటుంది. పోసి, స్టార్ట్ చేసి, ఒక నిమిషం రేజ్ చేయకుండా సన్నగా నడవనిస్తే చాలు. పంపు విప్పినప్పుడు, ఇంజన్ కట్టినప్పుడు, ఏళ్ళ తరబడి మూలన పడేసిన బండిని లేపేటప్పుడు మాత్రమే ఈ పని.

ఘాట్‌రోడ్97, గురువారం రాత్రి 10.35

వచ్చింది!

కొత్త గ్యాస్కెట్, ఓ-రింగు, పేస్టు లేకుండా. సిరంజితో దారి నింపి హెడ్ బిగించి, టైమింగ్ గుర్తులు రెండుసార్లు చూసుకుని, ప్లగ్గు లేకుండా చక్రం తిప్పాం. ఇంకా ఒక నిమిషం కాలేదు, బావమరిది టార్చ్ పట్టుకుని "బావా, ఊరుతోంది" అన్నాడు. రాకర్ పక్కన నుంచి ముందు నురగ, తర్వాత తేనె మాదిరి ఆయిల్. మరో ఐదు నిమిషాలు ఊరికే తిప్పుతూ కూర్చున్నాం. చూడ్డానికి బాగుంది మరి.

అప్పుడు ప్లగ్గు బిగించి కిక్కు కొడితే మూడోదానికి అందుకుంది. టాపెట్ మూత తీసే ఉంచాం, ఆయిల్ చొక్కా మీద చిమ్మింది. నలభై సెకన్లు నడిపి ఆపేశాం. మూత వేసి, కాసేపు ఆగి పుల్లతో చూస్తే మట్టం గుర్తుకు కింద ఉంది. దారులన్నీ నిండాయి కదా, ఇంకొంచెం పోశాం.

పుల్ల చూసేటప్పుడు తిప్పి బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా? నాన్న ఒకటంటారు, బావమరిది ఒకటంటాడు.

చిత్తూరు బుల్లెట్, గురువారం రాత్రి 10.50

స్ప్లెండర్‌కు మరలు తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, మెయిన్ స్టాండు మీద. తిప్పి బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. ఎవరు గెలిచారు?

ఘాట్‌రోడ్97, గురువారం రాత్రి 10.53

బావమరిది. నాన్న పదిహేనేళ్ళుగా బిగించే చూస్తున్నారు. కొండ మీద ఆయిల్ ఎందుకు అయిపోయిందో ఇప్పుడు సగం తెలిసింది.

స్పానర్‌సామి, గురువారం రాత్రి 11.10

హాహా. నాన్నగారిని ఏమీ అనొద్దు.

10డబ్ల్యూ-30, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండేదే పోయి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. మొదటి మూడు వందల కిలోమీటర్లకు ఆయిల్ మార్చెయ్. ఒకే వేగంలో ఎక్కువసేపు పోవద్దు, గేరుకు బరువు పెట్టి గుంజొద్దు. ఈ ఆయిల్ మారేదాకా కొండ వద్దు.

ఘాట్‌రోడ్97, పద్దెనిమిది రోజుల తర్వాత

312 కిలోమీటర్లు. తిరుచానూరు, రేణిగుంట, ఒకసారి కాళహస్తి, అంతే తిప్పాను. ఇవాళ ఆయిల్ దించాను. ఎండలో పెడితే వెండి పొడి మాదిరి సన్న మెరుపు ఉంది, వేలికి గరుకు తగల్లేదు. జల్లెడలో ఎర్ర పేస్టు తునక ఒకటి, ఆవగింజంత. కొత్త గుడ్డలో చుట్టి దాచాను, నవ్వొద్దు. టాపెట్ మూత తీసి చూశాను, రాకర్లు తడిగా, క్యామ్ మీద గీత లేదు.

నాన్న వచ్చి పుల్ల తీసుకుని, తుడిచి, తిప్పకుండా ఆనించి చూసి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళారు.

పాతకాపు, అదే రోజు సాయంత్రం

ఆ సిరంజి ఎంతకు ఇచ్చారబ్బా మందుల షాపులో? నా దగ్గర ఒక ఇంజన్ దించి ఉంది.